రామానుజ అయ్యంగారి సంఖ్యాపట్టిక

మహాపురుషులు గతించిన పిమ్మట వారి చరిత్రములకు కథలు చుట్టుకొనుట లోకసహజము. కథవలన పేరు జనుల నాలుకపై నిలుచును; కాని కథ పెరిగినకొలది మనుష్యుడు మరుగుపడును. గణితశాస్త్రజ్ఞులైన శ్రీనివాస రామానుజ అయ్యంగారి విషయమున ఇట్లే జరిగినది. ఆయన పేరు వినగానే నామగిరి అమ్మవారి స్వప్నములను, లండను నగరపు బాడుగబండి కథను తలచువారు పెక్కుమంది. రాత్రింబవళ్లు ఆయన పలకపై చేసిన లెక్కలను తలచువారు అరుదు. ఆయన జన్మదినమైన డిసెంబరు 22వ తేదీని 2012 మొదలుకొని జాతీయ గణితదినముగా మనదేశమున జరుపుచున్నారు. ఉత్సవము జరుపుట యుక్తమే. ఎవరి కొరకు ఉత్సవము జరుపుచున్నామో ఆయన నిజముగా చేసిన పని యేదో తెలిసికొనుట అంతకంటెను యుక్తము. కావున ఆయన జీవితమును, ఆయన సాధించిన ఒక పెద్దసంఖ్య గుణములను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

రామానుజులు 1887వ సంవత్సరమున ఈరోడులో మాతామహుల యింట జన్మించిరి. పెరిగినది కావేరీతీరమందలి కుంభకోణమున. తండ్రి శ్రీనివాస అయ్యంగారు ఒక బట్టల వర్తకుని యంగడిలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయమున భజనలు పాడియు, ఇంట విద్యార్థులకు భోజనము పెట్టియు సంసారమును నెట్టుకొనివచ్చెడిది. ఆ యింట ఆచారము మెండు, ధనము కొద్ది. పట్టణోన్నత పాఠశాలలో చదువునాడే బాలుడు పై తరగతులవారి లెక్కలను చేసి చూపుచుండెను. 1903వ సంవత్సరమున ఆయన చేతికి కార్ అను ఆంగ్లోపాధ్యాయుడు కూర్చిన గణితసంగ్రహ మొకటి చిక్కెను. అది శిష్యులను పరీక్షలకు సిద్ధపరచుటకై వ్రాసిన పుస్తకము. సుమారు అయిదువేల సిద్ధాంతములు అందు వరుసగా చెప్పబడినవి. నిరూపణములు మాత్రము పేరునకే కలవు. ఇతరులకు అది నిఘంటువువలె శుష్కముగా తోచియుండును. పదునైదేండ్ల బాలునకు అది విందయ్యెను. ప్రతి సిద్ధాంతమును తానే సాధించి చూచుకొనుటకు ఆయన పూనుకొనిరి.

ఈ పుస్తకమువలన ఆయనకు రెండు అలవాట్లు కలిగెను. ఎవరి సాయమును కోరక తన త్రోవ తాను త్రవ్వుకొనుట మొదటిది. ఫలితమును మాత్రము వ్రాసి, దానికి చేరిన మార్గమును వ్రాయకుండుట రెండవది. ఈ రెండవదానికి పేదరికమును తోడయ్యెను. కాగితము కొనుటకు డబ్బు చాలదు. కావున ఆయన పలకపై లెక్కించి, మోచేతితో తుడిచి, తుదకు తేలినదానిని మాత్రము పుస్తకములో నెక్కించుకొనెడివారు. పుస్తకమును చూచినవారికి ఫలితములు ఆకాశమునుండి రాలినట్లు కనబడును. ఆ మోచేయి తుడిచివేసిన శ్రమ యెంతయో చెప్పుటకు సాక్షి లేడు.

1904లో ఆయన గణితమున బహుమానము పొంది ఉన్నత పాఠశాల చదువు ముగించిరి. కుంభకోణపు ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరిరి. గణితము తప్ప తక్కిన విషయములు ఆయనకు పట్టలేదు. ఇంగ్లీషులో తప్పిరి, వేతనము పోయెను. 1905లో ఆయన ఇల్లు విడిచి, ఎవరికిని చెప్పక, మన విశాఖపట్టణమునకు వచ్చి కొంతకాలముండిరి. తల్లిదండ్రులు వెదకించి యింటికి రప్పించుకొనిరి. ముప్పదిరెండేండ్ల ఆ జీవితమున ఆంధ్రదేశమునకు దక్కిన ఆ కొద్దిదినములు ఇట్లు అవమానభారముతో గడచినవే. పిమ్మట మదరాసులోని పచ్చయప్ప కళాశాలలో చేరి, 1906, 1907 సంవత్సరములలో రెండుమారులు ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చుండి రెండుమారులును తప్పిరి. దానితో కళాశాలల తలుపులు ఆయనకు మూతపడెను.

పరీక్షాధికారులను నిందించుట సులభము. నియమము ప్రకారము వారు చేసినది తప్పు కాదు. అన్ని విషయములందును తగిన మార్కులు తెచ్చుకొననివాడు తప్పవలసినదే. కాని నియమమునకు లొంగని బుద్ధి యొకటి ఎదురైనపుడు దానిని గుర్తించి నిలుపుకొను మార్గ మేదియు ఆ విద్యావిధానమున లేకుండెను. గుమాస్తాలను ఎన్నుటకు ఏర్పడిన జల్లెడ అది. అందు గింజయు తాలును ఒక్కతీరుననే జారిపోయెడివి.

1909లో జానకి అమ్మాళ్‌తో వివాహమైన తరువాత సంసారభారము మీద పడెను. తన లెక్కల పుస్తకములను చంక నిడుకొని రామానుజులు ఉద్యోగమునకై ఇంటింటికి తిరిగిరి. 1910లో తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా నుండిన వి. రామస్వామి అయ్యరుగారిని దర్శించిరి. ఆ అయ్యరుగారు గణితాభిమాని. 1907లో భారత గణితసంఘమునకు పునాది వేసినవారు. ఇట్టివానిని తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా కూర్చుండబెట్టుట అన్యాయమని వారికి తోచెను. వారు పరిచయపత్రము లిచ్చి పంపగా, చేతులు మారి, రామానుజులు అప్పుడు నెల్లూరు కలెక్టరుగా నుండిన ఆర్. రామచంద్రరావుగారి యొద్దకు చేరిరి. రావుగారు మొదట నమ్మలేదు. రెండు మూడుమారులు పరీక్షించిన పిమ్మట, ఇది కపటము కాదని తెలిసికొని, నెలకు 25 రూపాయలు తమ సొంత ధనమునుండి పంపుచు, ఆయన నిశ్చింతగా లెక్కలు చేసికొనునట్లు ఏర్పాటు చేసిరి. 1911లో ఆయన మొదటి వ్యాసము, బెర్నౌలీ సంఖ్యల గుణములను గూర్చినది, గణితసంఘపు పత్రికలోనే వెలువడెను.

ఇచట పాఠకు లొకవిషయము గమనింపవలెను. ఆ సంఘమును స్థాపించునాటికి రామానుజు లెవరో దానివారికి తెలియదు. ఉద్యోగపు పనులు తీరిన పిమ్మట లెక్కలపై ప్రీతితో కొందరు పెద్దమనుష్యులు కూడి చందాలు వేసికొని పుస్తకములు తెప్పించుకొనుటతో అది ప్రారంభమైనది. నాలుగేండ్లు తిరుగకముందే ఆ సంఘమువారు ఆయనకు చేయూత యిచ్చిరి. వారి పత్రిక ఆయన వ్రాతను లోకమునకు చూపెను. చెరువు ముందుగా త్రవ్వియుంచినందున వాన నిలిచినది.

పరుల సొమ్ము తినుట యిష్టము లేక రామానుజులు 1912 మార్చి 1వ తేదీన మదరాసు రేవు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాపనిలో చేరిరి. అచటి మేనేజరు నారాయణ అయ్యరుగారు గణితము నెరిగినవారు. అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దయగలవాడు. వారి ప్రోత్సాహముతో ఇంగ్లండులోని పండితులకు జాబులు వ్రాయుట మొదలిడిరి. మొదట వ్రాసినవారివలన ప్రయోజనము కలుగలేదు. 1913 జనవరి 16వ తేదీన కేంబ్రిడ్జిలోని జి. హెచ్. హార్డీకి, సుమారు నూటయిరువది సిద్ధాంతములను చేర్చి, జాబు వ్రాసిరి. హార్డీయు ఆయన సహచరుడు లిటిల్‌వుడ్డును వాటిని ఒక సాయంకాలమెల్ల పరిశీలించి, ఇవి మహామేధావి వ్రాతలని నిర్ణయించిరి. అన్నియు సరియైనవి కావు. ప్రధాన సంఖ్యలను లెక్కించుటకు రామానుజులు పంపిన సూత్రములు తప్పని తేలెను. హార్డీ ప్రత్యుత్తరమున మెచ్చుకొనుటయేగాక నిరూపణములను కోరెను. ఈ కోరికయే తరువాతి అయిదేండ్ల కథకు మూలము.

ఆ యేడే మదరాసు విశ్వవిద్యాలయము, పట్టము లేనివాడైనను, ఆయనకు నెలకు 75 రూపాయల పరిశోధకవేతన మిచ్చెను. సముద్రయానమునకు ఆచారము అడ్డుపడెను. తల్లి తుదకు సమ్మతింపగా 1914 మార్చి 17వ తేదీన ఆయన మదరాసులో నెవాసా అను ఓడ నెక్కి, ఏప్రిలు 14వ తేదీన లండను చేరిరి. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల ఆయనకు నివాసమయ్యెను. నాలుగు నెలలు గడవకముందే ఐరోపా మహాసంగ్రామము ప్రారంభమయ్యెను. విద్యార్థులును అధ్యాపకులును యుద్ధమునకు తరలిపోయిరి. శాకాహారియైన రామానుజులు చలిదేశమున తనవంట తానే వండుకొనుచు, దొరకిన కూరతో సరిపెట్టుకొనుచు, హార్డీతో కూడి పనిచేసిరి.

ఇక మేము చెప్పదలచిన సంఖ్యకు వచ్చెదము. అరువది యకరముల పొలమున్న దనుకొందము. దానిని ఇద్దరు పంచుకొన్నను, ముగ్గురు పంచుకొన్నను, నలుగురు, అయిదుగురు, ఆరుగురు పంచుకొన్నను, ఎకరము తెగకుండ సమభాగములు వచ్చును. అదే యాబదితొమ్మిది యకరములైనచో ఇద్దరు పంచుకొన్నను ఎకరము తెగవలసినదే. అరువదిని నిశ్శేషముగా భాగించు సంఖ్యలు పండ్రెండు గలవు. వీనిని భాజకములందురు. అరువదికి లోబడిన ఏ సంఖ్యకును ఇన్ని భాజకములు లేవు. మన పెద్దలు దినమునకు అరువది గడియలు, గడియకు అరువది విగడియలు అని లెక్కించుటలోని సౌకర్య మిందువలననే తెలియుచున్నది.

తనకంటె చిన్నదైన ప్రతి సంఖ్యకంటెను ఎక్కువ భాజకములు గల సంఖ్యకు రామానుజులు ప్రత్యేకమైన పేరు పెట్టి శాస్త్రము రచించిరి. వానిని అతిసంయుక్త సంఖ్యలని తెలుగున పిలుతము. పండ్రెండు అట్టిది, దానికి ఆరు భాజకములు. ఇరువదినాలుగునకు ఎనిమిది, ముప్పదియారునకు తొమ్మిది, నలుబదియెనిమిదికి పది, అరువదికి పండ్రెండు. అరువది దాటిన పిమ్మట నూటయిరువది వచ్చువరకు మరియొకటి లేదు, దానికి పదునారు. ఇట్లు చిన్నవానిని ఎవరైనను వేళ్లపై లెక్కింపవచ్చును. సంఖ్యలు కోట్లలోనికి పోయినపుడు వేళ్లును చాలవు, ఓపికయు చాలదు. అందు దాగిన నియమమేదో తెలియవలెను.

ఆ నియమమును రామానుజులు సాధించిరి. రెండు, మూడు, అయిదు, ఏడు మొదలగు ప్రధాన సంఖ్యలను గుణింపగా ప్రతి సంఖ్యయు ఏర్పడును. అతిసంయుక్త సంఖ్యయందు ఈ ప్రధాన సంఖ్యలు మొదటినుండి వరుసగా, ఒకటియు విడువబడక రావలెను. చిన్నది వచ్చినన్ని మారులకంటె పెద్దది ఎక్కువమారులు రాగూడదు. కడపటి ప్రధాన సంఖ్య ఒక్కమారే రావలెను. నాలుగును ముప్పదియారును మాత్రమే దీనికి మినహాయింపు. పట్టికలో ముందుకు పోయినకొలది ఒక సంఖ్యకును దాని తరువాతి సంఖ్యకును గల నిష్పత్తి ఒకటికి చేరువగునని గూడ ఆయన నిరూపించిరి. ఇట్లు మార్గము నేర్పరచుకొని చేతితో లెక్కించి తయారుచేసిన పట్టికలో 102 సంఖ్యలు కలవు. వానిలో కడపటిది 67,46,32,83,88,800. అనగా ఆరులక్షల డెబ్బదినాలుగువేల ఆరువందల ముప్పదిరెండు కోట్ల ఎనుబదిమూడులక్షల ఎనుబదియెనిమిదివేల ఎనిమిదివందలు.

ఈ సంఖ్య గుణములు చూడదగినవి. దానియందు రెండు ఆరుమారులు, మూడు నాలుగుమారులు, అయిదును ఏడును రెండేసిమారులు, పదునొకటి, పదుమూడు, పదునేడు, పందొమ్మిది, ఇరువదిమూడు ఒక్కొక్కమారు గుణింపబడినవి. పైన చెప్పిన నియమ మెల్ల ఇందు కన్నుల గట్టినట్లున్నది. ఈ మారుల కన్నింటికిని ఒక్కొక్కటి చేర్చి, ఏడు, అయిదు, మూడు, మూడు, అయిదు రెండ్లు వరుసగా గుణించినచో భాజకముల మొత్తము 10,080 అని తేలును. ఒకటి మొదలు ఇరువదియెనిమిది వరకు ఏ సంఖ్యయైనను ఈ మహాసంఖ్యను శేషము లేక భాగించును. ఇరువదితొమ్మిది యొద్ద మొదటిమారు శేషము మిగులును. ఇంకొక వింత యేమనగా, ఆ 10,080 అను మొత్తము తానును అతిసంయుక్త సంఖ్యయే. పాఠశాలలో గుణకారము నేర్చిన బాలుడు సైతము వీనిని సరిచూచుకొనవచ్చును. అంతకు తక్కువైన ఏ సంఖ్యకును ఇన్ని భాజకములు లేవని తేల్చుటయే కష్టము. అచటనే రామానుజుల బుద్ధి కనబడును.

ఈ పట్టికలో ఒకలోపము కలదు. 2,93,31,86,25,600 అను సంఖ్యకు 5,040 భాజకములు గలవు. అదియు అతిసంయుక్త సంఖ్యయే. అది పట్టికయందు చేరక జారిపోయినది. దానిని ఇరువదిమూడుచే గుణించినచో వచ్చునది ఆ కడపటి మహాసంఖ్యయే. ఇంటిపెద్ద పేరు వ్రాసి ఇంటిలోని వాని పేరు మరచినట్లయినది. ఈ లోపమును చెప్పుటవలన రామానుజుల గౌరవమునకు భంగము కలుగునని మేము తలంపము. ఆయన భక్తి నిజమైనది. దానిని శంకించు నధికారము మాకు లేదు. కాని ఈ పట్టిక స్వప్నమున కనబడి వ్రాసికొన్నదే యైనచో అందు సంఖ్య జారిపోవుటకు హేతువు లేదు. మనుష్యుడు కూర్చుండి, అలసటతో, దీపము ముందర ఒక్కొక్క అంకెను గుణించి వ్రాసినపుడే ఇట్టిది జరుగును. నూటరెండు సరియైన సంఖ్యలును, జారిపోయిన ఒక సంఖ్యయు ఆయన శ్రమకు సమానముగా సాక్ష్యమిచ్చుచున్నవి.

అరువదికి పైగా పుటలు గల ఈ వ్యాసము 1915లో లండను గణితసంఘపు పత్రికయందు వెలువడెను. సంఘమునకు ధనము చాలనందున వ్యాసములో కొంతభాగము అచ్చుకాక మిగిలిపోయి, 1997లో గాని వెలుగు చూడలేదు. ఈ కృషికే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1916 మార్చిలో ఆయనకు బి.ఏ. పట్టము నొసగెను. స్వదేశమున ఎఫ్.ఏ. దాటలేనివారికి ఇది దక్కెను.

పిమ్మట 1918లో హార్డీతో కూడి వెలువరించిన విభజనసూత్రము దీనికంటెను గొప్పది. నాలుగును సంఖ్యల కూడికగా అయిదు విధముల వ్రాయవచ్చును. ఇట్లు రెండువందలను ఎన్ని విధముల వ్రాయవచ్చునని అడిగినచో ఉత్తరము 39,72,99,90,29,388. మేజర్ మెక్‌మహాన్ అను పండితుడు మెట్టుమెట్టుగా కూడి ఈ సంఖ్యను సాధించెను. హార్డీ రామానుజుల సూత్రమున ఎనిమిది పదములు మాత్రము కూడగా దశాంశము తరువాత 0.004 మాత్రమే తేడాతో అదే సంఖ్య వచ్చెను. రామానుజుల సూక్ష్మదృష్టి, హార్డీ నిరూపణనిష్ఠ, మెక్‌మహాన్ ఓపిక, ఈ మూడును కలిసినగాని ఈ ఫలము దక్కలేదు.

ఇంతలో 1917లో ఆయన ఆరోగ్యము చెడెను. అప్పటి వైద్యులు క్షయ యని తలంచిరి. అది కాలేయమునకు పట్టిన అమీబావ్యాధి కావచ్చునని 1994లో ఒకవైద్యపరిశోధకుడు వాదించెను. పట్నీలోని వైద్యశాలలో ఉన్నపుడే ఆ ప్రసిద్ధమైన ఘట్టము జరిగెను. చూడవచ్చిన హార్డీ, తాను ఎక్కివచ్చిన బాడుగబండి సంఖ్య 1729 అనియు, అందు విశేష మేమియు లేదనియు అనగా, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అది మొదటిదని రామానుజులు వెంటనే చెప్పిరి. పండ్రెండు ఘనమును ఒకటి ఘనమును కూడినను, పది ఘనమును తొమ్మిది ఘనమును కూడినను 1729 వచ్చును. వినువారు దీనిని మెరుపువంటి స్ఫురణగా చెప్పుకొందురు. నిజమునకు ఆయన ఏండ్ల క్రిందటనే ఈ సంగతి తన పుస్తకములో వ్రాసికొనియుండిరి. మెరుపు కనబడిన చోట మేఘము చాలకాలము నుండి కూడియుండెను.

1918లో ఆయన రాయల్ సొసైటీ సభ్యులుగను, ఆ అక్టోబరులో ట్రినిటీ కళాశాల ఫెలోగను ఎన్నుకొనబడిరి. భారతీయులలో ఈ రెండవ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథములు. మదరాసు విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల వేతనము నిర్ణయించెను. 1919 జనవరిలో రోగశయ్య నుండి రామానుజులు దానికి వ్రాసిన ప్రత్యుత్తరము మన యువకులెల్లరును తెలిసికొనదగినది. ఆ మొత్తము తన యక్కరకు మించినదనియు, తల్లిదండ్రులకు ఏటికి 50 పౌనులిచ్చి, ఖర్చులు పోను మిగిలినది పేదబాలుర, అనాథల పాఠశాల జీతములకును పుస్తకములకును వినియోగింపవలెననియు ఆయన కోరిరి. కాగితము కొనలేక పలకను తుడిచిన చేతితో ఆ కోరిక వ్రాయబడెను.

1919 మార్చిలో ఆయన స్వదేశము చేరిరి. మంచముననే యుండి, అంతకుముందు ఎవరును ఎరుగని కూటథీటా ప్రమేయములను గూర్చి వ్రాయుచు, 1920 ఏప్రిలు 26వ తేదీన మదరాసులోని చేత్‌పట్టులో కన్నుమూసిరి. వయస్సు ముప్పదిరెండేండ్లు. సంతానము లేదు. భార్య జానకి అమ్మాళ్ కుట్టుపనిచేసి జీవించి 1994లో గతించిరి. ఆయన కడపటి కాగితములు 1976లో ట్రినిటీ గ్రంథాలయమున జార్జి ఆండ్రూస్ అను అమెరికా పండితుని కంటబడెను. పుస్తకములందలి వేలకొలది ఫలితములకు నిరూపణములు సమకూర్చుటకు బ్రూస్ బెర్న్‌ట్ మొదలగువారికి దశాబ్దములు పట్టెను. మోచేయి తుడిచిన లెక్కలను లోకము తిరిగి చేయవలసివచ్చెను.

రామానుజుల వంటివారు తరచుగా పుట్టరనుట నిజమే. పుట్టినవారిని గుర్తింపగల సంఘములును, పత్రికలును, ఉపాధ్యాయులును ఉండుట మాత్రము మన చేతిలోని పని. ఒక డిప్యూటీ కలెక్టరు తీరికవేళల స్థాపించిన సంఘమును, నెల్లూరు కలెక్టరు పంపిన ఇరువదియైదు రూపాయలును లేనిచో ఆ జాబు కేంబ్రిడ్జికి చేరియుండునా యని మన భూస్వాములును పురప్రముఖులును ఆలోచింపవలెను. విగ్రహములకును ఊరేగింపులకును వెచ్చించు ధనములో కొంత గ్రామపాఠశాలలోని గణితపుస్తకములకు, జీతము కట్టలేని బాలబాలికలకు వెచ్చించినచో ఆయన కోరిక తీరును. పట్టికనుండి జారిపోయిన సంఖ్యను తరువాతి పండితులు గుర్తించి చేర్చుకొనిరి. పాఠశాలనుండి జారిపోవుచున్న బాలుని గుర్తించి చేర్చుకొనుట మన వంతు.